బాణం గుర్తుకు ఎడమవైపు

ఆ జూన్ నెలలో హెలెన్‌ను అనుమానించడానికి అందరికీ తలా ఒక కారణం ఉంది. చర్చి సంఘ పెద్దలకు ఒకటి, ఆసుపత్రి ఆఫీసుకు ఒకటి, ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని ఉత్తరాలు తిప్పికొట్టే ఒక పెద్దమనిషికి ఒకటి. అన్నీ సబబైన కారణాలే. చిక్కంతా అక్కడే ఉంది.

హెలెన్‌కు నలభై ఏడేళ్లు. ఉండేది పుంగనూరులో. రోజూ ఏడున్నర బస్సెక్కి మదనపల్లె వస్తుంది. అక్కడ ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో రికార్డుల గది ఆమెది. పత్రికలవాళ్లు ఇలాంటివారి గురించి రాస్తే ‘నిశ్శబ్ద సేవ’ అంటారు. హెలెన్ నిశ్శబ్దంగా ఉండదు. కార్డు తీసినవాళ్లు తీసినచోట పెట్టకపోతే ఆమె గొంతు ప్రసూతి వార్డు దాకా వినిపిస్తుంది. సేవ కూడా కాదు. పందొమ్మిదేళ్లుగా జీతానికి చేస్తున్న పని. బి.ఏ. చదివింది, టైపు హయ్యర్ పాసైంది. ఇంత ఇంగ్లీషు ఎక్కడ నేర్చావని ఎవరైనా అడిగితే డాక్టర్ల చేతిరాత చూపిస్తుంది. అది చదవగలిగినవాళ్లకు మిగిలిన ఇంగ్లీషంతా అచ్చు అక్షరమే.

ఆ గదిలో నలభై వేల కార్డులు. ఆమెకు ముందు ఆ గది చూసిన పాపన్నకు ఒక పద్ధతి ఉండేది. ఆ చుట్టుపక్కల సంఘస్థుల్లో చాలామందికి రెండు పేర్లు. బాప్తిస్మంలో పెట్టింది ఒకటి, బడి సర్టిఫికెట్లోనూ రేషన్ కార్డులోనూ ఉండేది ఇంకొకటి. చర్చిలో పుష్పమ్మ, తాలూకా ఆఫీసులో గోవిందమ్మ. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు: కులం సర్టిఫికెట్టు రెండో పేరు మీద ఉంటుంది, పిల్లల చదువూ ఉద్యోగమూ ఆ సర్టిఫికెట్టు మీద ఉంటాయి. ఇది తప్పని ఉపన్యాసాలిచ్చేవాళ్లకు సాధారణంగా ఒకే పేరు ఉంటుంది, దానితోనే వాళ్లకు అన్ని పనులూ జరిగిపోతాయి. పాపన్న ఉపన్యాసం ఇవ్వలేదు. కార్డు మీద మొదటి పేరు పక్కన ఎర్ర సిరాతో చిన్న బాణం గీసి రెండో పేరు రాసేవాడు. ఆ గదిలో బాణమంటే ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని. దానికి వేరే అర్థం ఉండగలదని హెలెన్‌కు ఎన్నడూ తోచలేదు.

నిరుడు కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఆఫీసు తీర్మానించింది. హెలెన్ అన్న కొడుకు ప్రదీప్ కుప్పంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. పైసా ఖర్చు లేకుండా అయిపోతుందన్నాడు. వెతికే పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క ఒకటి, ఎవరో రాసి లోకానికి ఉచితంగా వదిలింది, తెచ్చి బిగిస్తే చాలు. ఇలాంటిదాన్ని ఆ వృత్తిలో లైబ్రరీ అంటారు. పుస్తకాలతో దానికి సంబంధం లేదు. ఉచితమంటే ఎవరూ జవాబుదారు కారని కూడా అర్థం. ఆ సంగతి తీర్మానంలో రాయలేదు.

ప్రదీప్ తయారుచేసిన ఫారంలో పేరుకు ఒక్క గడే ఉంది. రెండో పేర్లు ఎక్కడ రాయాలని హెలెన్ అడిగితే, ఒకటే అనుకోవలసిన పేర్లన్నీ వేరే పట్టీగా రాసి పంపమన్నాడు. ఎలా రాయాలో ఆ లైబ్రరీవాళ్ల వివరణ పేజీలో ఉందని దాన్ని ప్రింటు తీసిచ్చాడు. అందులోని మాట, తెలుగులో చెప్పుకుంటే, ఇది: “బాణం గుర్తు ఎడమవైపు మాటను కుడివైపు మాటతో జోడిస్తుంది. ఒకే అర్థమున్న మాటలకు వాడండి.”

అచ్చం పాపన్న బాణమే. హెలెన్ నాలుగువందల పది జంటల పేర్లు తనే టైపు చేసింది. ఆ పని కార్డులు ఎక్కిస్తున్న టైపిస్టులకు ఇవ్వలేదు. ఆ పేర్లు నలభై వేల కార్డుల్లో చెల్లాచెదురుగా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. ఒకచోట చేరిస్తే అది వేరే వస్తువు అవుతుంది. ఆ మాత్రం ఆమెకు తెలుసు. అలాంటి పట్టీ ఒకటుందని ఆమెకూ ప్రదీప్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

జూన్ మొదటి సోమవారం కొత్త పద్ధతి మొదలైంది. పెద్దతిప్పసముద్రం నుంచి షుగరు మందులకు పుష్పమ్మ అనే పెద్దామె వచ్చింది. పన్నెండేళ్ల పాత కార్డు ఆమెది. కౌంటర్లో కూర్చునే షైలజ ఆమె పేరు కొట్టింది.

“పుష్పమ్మ అని ఎవురూ రాలేదే. గోవిందమ్మలు వస్తాండారు. నువ్వు గోవిందమ్మవా అవ్వా?”

పెద్దామె ముఖం మారిపోయింది. “ఆ పేరు నీకెవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు. కంప్యూటర్లో వస్తాండాది.”

“కంప్యూటరుకు ఎవురు చెప్పినారు?”

జవాబు కోసం ఆగలేదు. మందులు కూడా తీసుకోకుండా లేచి బస్టాండు దారి పట్టింది.

వారం తిరిగేసరికి ఇలాంటివి ముప్పై ఒకటి. జేమ్స్ అని కొడితే నారాయణస్వాములు వరస కట్టారు. వెంకటేష్ అంటే వెంకటేషే వచ్చాడు, కృష్ణమ్మ అంటే కృష్ణమ్మే వచ్చింది. సంఘస్థుల పేర్లు మాత్రమే తారుమారయ్యాయి. సంఘ పెద్ద ప్రకాష్ బాబు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీదే ఎత్తుకున్నాడు.

“మనోళ్ల పేర్లే యాల పోతాండాయి? పోయి యాడ తేల్తాండాయో సూసినారా? మనుషుల చేతగాని మతమార్పిడి కంప్యూటరు చేస్తాండాది!”

సగం ఎకసెక్కం, సగం నిజంగానే. ఆసుపత్రిలో సంఘస్థులకు ఫీజులో తగ్గింపు ఉంది. కార్డు దొరక్కపోతే తగ్గింపు లేదు. దాన్ని ఎత్తేయడానికే ఆఫీసు ఈ నాటకం ఆడుతోందని ఒక మాట లేచింది. ఆసుపత్రిని బెంగళూరు వాళ్లకెవరికో అమ్మేస్తున్నారని ఇంకో మాట. ఆఫీసు అనుమానం మరోవైపు వెళ్లింది: ఈ పేర్లన్నీ దగ్గరుండి ఎక్కించింది హెలెన్ కదా, ఎవరు చేయిస్తే చేసింది? అడ్మినిస్ట్రేటర్ శాలేము రాజు ఆమెకు మెమో ఇచ్చాడు. రికార్డులు తారుమారు చేసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో ఏడు రోజుల్లో కమిటీ ముందు చెప్పుకోవాలి.

జేమ్స్ బదులు నారాయణస్వామి వచ్చినప్పుడే హెలెన్‌కు తెలిసిపోయింది, ఇది తన పట్టీ పనేనని. ఎలా జరిగిందో మాత్రం అర్థం కాలేదు. మెమో అందిన మర్నాడు సెలవు పెట్టి, పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్లింది. దారి పొడుగునా ఆమె అనుమానించింది మేనల్లుణ్ణే.

“ఒరే అబ్బోడా, నా పట్టీలో నువ్వేమన్నా కెలికినావా?” స్టాఫ్ రూములో కూర్చోకముందే అడిగింది.

“నేనేం కెలుకుతా అత్తా? నువ్వు పంపించింది పంపించినట్టే ఎక్కించినా.”

“తీయ్. సూడల్ల.”

ప్రదీప్ లాప్‌టాప్‌లో పట్టీ తెరిచాడు. రెండు వరసలు చూసి నవ్వాడు. “ఇట్ల రాసినావా! బాణమంటే ఎడమది తీసేసి దాని బదులు కుడిది పెట్టుకోమని గదత్తా. పుష్పమ్మ యాడుందని అడిగితే పుష్పమ్మను పక్కన పారేసి గోవిందమ్మను ఎతుకుతాది. రెండు పేర్లూ ఉండల్లంటే బాణం గాదు, నడమ కామా పెట్టల్ల.”

“అట్లని యాడ రాసుండాది?”

“అది అందరికీ తెలుసత్తా.”

“అందరికీ తెలిసినదాన్ని రాసేదెందుకు? తెలీనోళ్లకు గదా రాసేది.” సంచిలోంచి ప్రింటు కాగితం తీసి అతని ముందు పెట్టింది. “జోడిస్తాది అని ఉండాది. తీసేస్తాది అని యాడుండాదో సూపించు.”

ప్రదీప్ రెండుసార్లు చదివాడు. మూడోసారి పేజీ అడుగు దాకా చదివాడు. “లేదు,” అన్నాడు. “ప్రోగ్రాం లోపలికి పోయి సూస్తే తెలుస్తాది.”

“కార్డులు రాసేది నేను. ప్రోగ్రాం లోపలికి నేనేమిటికి పోవల్ల? పోనీ, ఎక్కించేముందు నువ్వొకసారన్నా కొట్టి సూసినావా?”

ప్రదీప్ ఇంటర్నల్ పరీక్షల పని నెత్తిమీదుందని గొణిగాడు.

పది నిమిషాల్లో పట్టీని ఆసుపత్రి కంప్యూటర్ నుంచి విడదీశాడు. మదనపల్లె నుంచి షైలజ ఫోన్ చేసింది, పుష్పమ్మలందరూ తిరిగొచ్చేశారని. జేమ్స్‌లూ వచ్చారు. పెద్దతిప్పసముద్రం పుష్పమ్మ మాత్రం రాలేదు; తంబళ్లపల్లె దగ్గర ఇంకెవరో డాక్టరుకు చూపించుకుంటోందని తర్వాత తెలిసింది.

పేర్లు తిరిగొచ్చాయి కాబట్టి అందరూ ఊరుకుంటారని హెలెన్ అనుకుంది. శాలేము రాజు లెక్క వేరు. “నిన్న లేనివి ఈ పొద్దు యాడ్నించి వచ్చినాయి? నువ్వే తీసినావు, నువ్వే పెట్టినావు. ఇంతకన్నా రుజువేం కావల్ల?”

“తప్పు ఆ పేజీలో ఉండాది సార్. రెండో పేర్ల పట్టీ రాసేటప్పుడు వాళ్లు చెప్పినట్టే రాసినా.”

“ఏం పట్టీ?” శాలేము రాజు పెన్ను కింద పెట్టాడు. “సరే, ఆ పట్టీ తెచ్చి కమిటీ ముందు పెట్టు. నీ తప్పు లేదంటే నీకే మంచిది.”

పట్టీ ఉందన్న సంగతి నోరు జారాక గానీ హెలెన్‌కు తట్టలేదు, అది చూపిస్తే ఏమవుతుందో. కమిటీలో ముగ్గురు. శాలేము రాజు కాగితాన్ని ఫైల్లో పెడతాడు, ఆ ఫైలు ఎవరైనా తీయవచ్చు. ప్రకాష్ బాబు నోట్లో మాట ఆగదు. మూడో ఆయన వెంకటేశులు. తంబళ్లపల్లె వైపు భూములున్న రైతు, ఊళ్లో చెనక్కాయల మండీ ఉంది, ఆసుపత్రికి రెండు గదులు కట్టించాడు. చెడ్డవాడని ఆయన్ను ఎవరూ అనరు. కాని ఎవరి మంచితనాన్నో నమ్మి నాలుగువందల పది కుటుంబాల సర్టిఫికెట్లను బల్లమీద పరచడానికి హెలెన్ సిద్ధంగా లేదు. అవి రద్దు కావడానికి ఒక్క అర్జీ చాలు, ఒక్క పోస్టుకార్డు చాలు. చూపిస్తే ఆమె ఉద్యోగం నిలబడుతుంది. చూపించకపోతే పోతుంది. మిగిలిన దారి ఒక్కటే: పట్టీ బయటపెట్టకుండా, ఆ పేజీ తప్పుదారి పట్టిస్తుందని దాన్ని రాసినవాళ్ల చేతనే అనిపించాలి.

అందుకు వీలుంది. ఆ పేజీలో ఈ మాట సరిగా లేదు, ఇలా మార్చండి అని ఎవరైనా రాసి పంపవచ్చు. లైబ్రరీ నడిపేవాళ్లు చూసి ఒప్పుకుంటే మారుతుంది. ప్రదీప్‌కు ఇది నచ్చలేదు. వివరణలు దిద్దడం ఫస్టియర్ పిల్లలు పేరు కోసం చేసే పని అన్నాడు. అయినా చేయక తప్పలేదు కాబట్టి, తప్పించుకోవడానికి ఏఐ చేత మూడు పేరాలు రాయించి పంపేశాడు.

నాలుగు గంటల్లో జవాబు. పంపినాయన ఆ లైబ్రరీ నడిపేవాళ్లలో ఒకడు, పేరు బదులు రెండక్షరాలు మాత్రం పెట్టుకున్నాడు. “ఇది యంత్రం రాసింది. ఇలాంటివి మాకు రోజూ వస్తున్నాయి, ఎక్కువగా మీ దేశం నుంచే. దీనివల్ల నిజంగా ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల పట్టీ చూపించండి.”

లోకం మేలు కోరి ఉచితంగా పనిచేసేవాళ్లు మెత్తగా మాట్లాడతారని అనుకునేవాళ్లు వాళ్లకు ఎన్నడూ ఉత్తరం రాసి ఉండరు. ఆయన్నూ తప్పుపట్టడానికి లేదు. కామా ఒకటి మార్చి, లైబ్రరీకి సాయం చేశానని ఉద్యోగ దరఖాస్తులో రాసుకునేవాళ్లు వందలమంది. కాని ఆయన అడిగిందీ పట్టీనే. మదనపల్లెలో ఆఫీసు పట్టీ చూపించమంటోంది, భూగోళం అవతలివాడూ పట్టీ చూపించమంటున్నాడు. అప్పటికి నాలుగు రోజులు గడిచాయి.

హెలెన్ ప్రదీప్‌కు ఫోన్ చేసింది. “నువ్వింక రాయొద్దు. నేను రాసిస్తా, పంపు. ఒక్క అక్షరం మార్చినావంటే మీ నాయనకు చెప్తా.”

ఆమె ఎలా రాసిందో చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రతిభా గితిభా ఏమీ లేదు, గది అలవాటు ఉంది. రికార్డుల గదిలో కార్డు మీద అన్నిటికంటే పైన రాసేది రోగికి పడని మందు. ఏం ఇవ్వాలో తర్వాత, ఏమిస్తే ముప్పో ముందు. ఆ పేజీకీ అదే పద్ధతి పెట్టింది. మొదటి వాక్యం: “బాణానికి ఎడమనున్న మాటను వెతకడం మానేస్తారు.” రెండోది: “అది మాత్రమే ఉన్న కాగితాలు ఇక దొరకవు.” మూడోది: “రెండు మాటలూ వెతకాలంటే బాణం వాడకండి, కామా పెట్టండి.” నాలుగోది ఉదాహరణ. అక్కడ ఆగింది. పేర్లు రాయకూడదు. ఒకే వస్తువుకు రెండు పేర్లుండాలి, వాటివల్ల ఎవరి కొంపా మునగకూడదు. పుంగనూరు బస్టాండులో బండిమీద వేయించి అమ్ముతున్నవి కనబడ్డాయి. మనం చెనక్కాయలంటాం, పుస్తకాలు వేరుశనగ అంటాయి. పది సరుకుల అంగడి పట్టీ ఒకటి కల్పించింది. చెనక్కాయలకు బాణం పెట్టి వేరుశనగ అని రాసింది. ‘చెనక్కాయలు అని వెతకండి, అంగట్లో మూడు రకాలు ఉన్నా ఒక్కటీ రాదు’ అని ఇంగ్లీషులో రాసి, తన పేరుతోనే ప్రదీప్ చేత పంపించింది.

రెండక్షరాలాయన ఇదీ నమ్మలేదు. ఎవర్నీ నమ్మనివాళ్లలో ఒక సుగుణం ఉంటుంది, తామే చేసి చూసుకుంటారు. చూసుకున్నాడు. ఆరో రోజు పొద్దున ఆమె వాక్యాలు పేజీలోకి ఎక్కాయి. కింద ఆయన మాట: “నిజమే. పాత వాక్యం తొమ్మిదేళ్ల కిందట నేను రాసింది. ఇంకో ముగ్గురు ఇదే గోతిలో పడినట్టు పాత ఫిర్యాదుల్లో ఉంది. అప్పుడు తప్పు వాళ్లదే అనుకున్నాను.” క్షమాపణ లేదు. హెలెన్‌కు అది అవసరమూ లేదు. తేదీతో సహా ప్రింటు కావాలి, అంతే.

ఏడో రోజు కమిటీ. శాలేము రాజు కాగితాలు తిరగేశాడు.

“ఈ కొత్త వాక్యాల కింద ఎవురి పేరుండాది?”

“నాదే సార్.”

“అంటే నీకు నువ్వే సాక్ష్యం రాసుకొని తెచ్చుకున్నావు.”

“కొత్తవి నావి. పాతది ఆయనది. పాతది సదవండి సార్. నేను సదివింది అదే.”

ప్రకాష్ బాబుకు ఆ కాగితాల్లో ఏమీ అర్థం కాలేదు, కాబట్టి మరింత అనుమానం వచ్చింది. హెలెన్ వాదించలేదు. కల్పించిన అంగడి పట్టీని గదిలోని కంప్యూటర్‌లో తెరిచి కుర్చీ వెంకటేశులు వైపు జరిపింది.

“చెనక్కాయలు అని కొట్టన్నా.”

వెంకటేశులు ఒంటి వేలితో కొట్టాడు. వేరుశనగ నూనె ఒక్కటి వచ్చింది. “నా చెనక్కాయలు యాడికి పోయినాయమ్మా?”

“యాడికీ పోలేదన్నా, ఆడనే ఉండాయి. బాణం తీసి కామా పెడతా. ఇప్పుడు కొట్టు.”

కొట్టాడు. నాలుగూ వచ్చాయి. “ఓసి దీన్ని తగలెయ్య! దీనికా ఏడు దినాలు?”

“అయితే మతమార్పిడి గాదా?” అన్నాడు ప్రకాష్ బాబు, కొంచెం నిరాశగానే.

“కామా లేదన్నా. అంతే.”

అక్కడితో అయిపోయేదే. వెంకటేశులు లేస్తూ లేస్తూ అన్నాడు: “మరి ఆ పేర్ల పట్టీ? అది గూడా ఒకసారి సూపిస్తే అందరికీ మనసు నిమ్మళమైపోతాది గదమ్మా.”

మామూలుగా అడిగాడో, తెలిసి అడిగాడో ఆ ముఖంలో కనిపెట్టడం కష్టం. ప్రకాష్ బాబు గోడమీది క్యాలెండర్ చదవసాగాడు. ఆయన పిల్లలిద్దరికీ ప్రభుత్వ ఉద్యోగాలు.

“పట్టీ లేదన్నా,” అంది హెలెన్.

“ఎప్పట్నించి లేదు?” శాలేము రాజు అడిగాడు.

“ఈ పొద్దున్నించి సార్. కుప్పంలో తీసేయించినా, నా దగ్గరున్నదీ తీసేసినా. రెండో పేరు ఉండేవాళ్లను ఒక్కొక్కరిగా అడిగి, ఒప్పుకుంటే వాళ్ల కార్డులోనే రాసుకుంటా. పట్టీ మాత్రం ఉండదు.”

“ఎవుర్నడిగి తీసినావు?”

“ఎవుర్నీ అడగలేదు.”

“అది ఆసుపత్రి ఆస్తి హెలెన్.”

“కంప్యూటరు ఆసుపత్రిది సార్. పేర్లు గాదు.”

మొదటి మెమో ఆ మధ్యాహ్నమే వెనక్కి తీసుకున్నారు. సాయంత్రానికి రెండోది టైపై వచ్చింది. మొదటిది చేయని పనికి. ఇది చేసిన పనికి. ఆసుపత్రికి చెందిన జాబితాను అజాగ్రత్తవల్ల పోగొట్టినందుకు ఒక ఇంక్రిమెంటు నిలుపుదల. శాలేము రాజు దాన్ని కొంత దయతోనే రాయించాడు, కాగితం ఆమె వైపు జరుపుతూ పెన్ను కూడా తనే ఇచ్చాడు.

హెలెన్ చదివి పెన్ను పక్కన పెట్టింది. “సార్, ఇది తప్పు. పోగొట్టలేదు. తెలిసి తీసేసినా. అట్ల రాయించండి.”

“అట్ల రాస్తే నీకే నష్టం. అజాగ్రత్త అంటే చిన్న తప్పు. తెలిసి చేసినావంటే సర్వీసు రిజిస్టర్లో నిలబడిపోతాది.”

“పోగొట్టింది అని రాస్తే యాడనో ఒకచోట ఉండాది, దొరుకుతాదేమో అనుకుంటారు సార్ రేపు ఎవురన్నా. ఎతుకుతారు.”

శాలేము రాజు నమ్మాడో లేదో, కాగితం మళ్లీ టైపు చేయించాడు. హెలెన్ రెండోసారి మొదటినుంచీ చదివి, సంతకం చేసింది.